ఖాళీ చెంబు పట్టుకున్న ఇన్‌స్పెక్టరు

కంబదూరు,
మంగళవారం పొద్దున.

నా తల్లి ఆశ్రితకు అమ్మ దీవెనలు.

ఈడ నేను, మీ నాయన, ఎద్దులు బాగుండాము. వానదేవుడే యాడ పోయినాడో తెలీదు. ఫోన్లో అయితే నన్ను మాట్లాడనీకుండా అంతా నువ్వే మాట్లాడతావు, అందుకే కాగితం పట్టినా.

మోకాలి నొప్పి ఎట్లుందని అడిగినావు. తగ్గింది. నాయన బీడీలు మానినాడా అంటే, మానినాననే చెప్తాండాడు. ఇంగ నీ పెద్ద ప్రశ్న. "సీరియల్లో ఎప్పుడూ అదే కానిస్టేబుల్ వేషం, అదే చచ్చు కథ. వేషం కట్టేవాళ్ళు ఏం చేస్తారమ్మా, వచ్చేద్దునా?" అని రాసినావే, దానికి జవాబు మొన్న ఆదివారం దొరికింది.

విత్తనం చెనక్కాయలు వలుస్తా టీవీ పెట్టినాము. ఏదో పాత హత్య సినిమా. అదే గోడౌను, అదే క్లబ్బు డాన్సు. పక్కింటి మారెక్క కూడా వలిచేకి వచ్చింటే, మొదట్లోనే "ఆ తెల్లకోటు వాడే చంపినాడు, రాసి పెట్టుకో" అనె. నిజంగా వాడే! నాయన గురక పెడతాండాడు.

అప్పుడు ఆ హీరో ఇన్‌స్పెక్టరు, చచ్చిపోయిన పిల్లోని తల్లి ఇంటికి పోయినాడు. ఆయమ్మకి ఇంకా సంగతి తెలీదు. ఎండన పడి వచ్చినావు నాయనా అని చెంబుతో నీళ్ళిచ్చె. తాగినాడు. తాగి, ఖాళీ చెంబు తిరిగి ఇయ్యలేక రెండు చేతుల్తో పట్టుకోని నిలబడినాడు. ఆయమ్మ చెంబు కోసం చెయ్యి చాపి, ఆయన మొగం చూసె. చెయ్యి ఆడే నిలిచిపాయె. మా చేతులూ నిలిచిపాయె. మారెక్క నోరు మూసింది, నమ్ముతావా? నాయన ఎప్పుడు లేచినాడో, కండ్లు తుడుచుకుంటాండాడు.

కథ చచ్చుదే. ఆయనే దాన్ని బతికించినాడు. పేరు కూడా నాకు తెలీదు. యాడుండినా ఆయన చల్లగుండాలని దండం పెట్టుకున్నా.

నీ దగ్గర ఒకటి దాచినా. నీ అవస్థ చూడలేక, నువ్వు ఆ పని వదిలి ఇల్లు చేరాలని పసుపు గుడ్డలో రూపాయి కట్టి ముడుపు పెట్టినా. నీ జాబు చూసి, మొక్కు పని చేస్తాండాదని సంతోషపడినా కూడా. కట్టిన ముడుపు విప్పకూడదంటారు. ఆదివారం సాయంత్రం విప్పినా. తెలీక అడిగినా స్వామీ, పిల్లని ఆడే ఉండనీ అని మళ్ళీ కట్టినా.

రావద్దు తల్లీ. ఆ కానిస్టేబుల్ వేషమే వెయ్యి. నువ్వు టీవీలో వచ్చే రోజు చెప్పు, చెనక్కాయలు కింద పెట్టి చూస్తాము.

ఇట్లు,
నిన్ను రమ్మని మొక్కి, వద్దని మళ్ళీ మొక్కిన
మీ అమ్మ బయమ్మ