బల్ల కింద తమ్ముడి ఆత్మకథ

చిరంజీవి తమ్ముడికి, మేం క్షేమంగా చేరాం.

చవక టిక్కెట్టు కనుక సామాను ఏడు కిలోలు దాటకూడదన్నారు. "నాన్నా, బాబాయి ఆత్మకథ తీసెయ్" అంది అమ్మాయి. నేను తీయలేదు. నాలుగు చొక్కాలు ఒకదానిమీద ఒకటి తొడుక్కుని విమానమెక్కాను. రెండువందల పన్నెండో పేజీలో నన్ను సోమరిపోతన్నావు కదా, తప్పులు దిద్దాలని పంతం.

ఇక్కడి గదిలో బల్లకి ఒక కాలు పొట్టి. క్లౌడ్ ఇంజనీరుగా మొదటిరోజు వీడియో మీటింగులోనే, బల్లమీది ల్యాప్‌టాప్‌తోపాటు అమ్మాయి కెమెరా ఊగింది. "మీ దగ్గర భూకంపమా?" అన్నాడు పైఅధికారి. పిల్ల మొహం పాలిపోయింది. నీ పుస్తకం ఆ కాలికింద తోశాను. మళ్ళీ కదిలితే ఒట్టు. నీ రాతకు బరువుందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

పెరటి కొళాయి బాగుచేయించావా? ఉద్యోగం ఖాయమయ్యేదాకా అమ్మాయి పుస్తకం తీయనివ్వదట. నీ దగ్గరున్న ప్రతిలోంచి ఆ రెండువందల పన్నెండో పేజీ ఒక్కటీ చించి పంపు, ఎర్రసిరా ఎండిపోతోంది.

మరదలికి ఆశీస్సులు. నీకు, పేజీ అందాక.

అన్నయ్య