వాగొడ్డు గడ్డి

పెద్దక్కకు తమ్ముడు రాజయ్య దండాలు.

అక్కా, గీ ఉత్తరం రాయద్దనే అనుకున్న. ఫోన్ల మాట్లాడుకుంటనే ఉన్నం గద, మళ్ల కాయితమెందుకని రెండు దినాలు పెన్ను ముట్టలే. గని ఫోన్ల నువ్వు తిన్నవా, పన్నవా అని అడిగి పెట్టేస్తవు. నేను చెప్పేది నడుమల్నే ఆగిపోతది. నీ మోకాళ్లెట్లున్నయి? బావ షుగరు గోలీలు మరువకుండ ఏసుకుంటుండా? ఈడ అందరం మంచిగనే ఉన్నం. నా ఫికర్ చెయ్యకు.

బొగ్గుబాయి క్వార్టరు ఖాళీ చేసి, ఆదిలాబాద్ దిక్కు బిడ్డ సరిత ఇంటికొచ్చి ఐదు నెలలాయె. పొద్దుగాల చలికి నీళ్లు ముట్టబుద్ధి కాదు. జొన్నరొట్టె నాకు అలవాటైంది, నా పండ్లకే ఇంక కాలే. సంతల సగం మంది మరాఠీ మాట్లాడుతరు. ఏం తెల్వక తల ఊపితే ఒకామె సంచి నిండ వంకాయలు పోసింది. మూడు దినాలు అదే కూర. అల్లుడు పాపం ఒక్క మాట అనలే.

గా అల్లుని మంచితనమే చెప్దామనుకున్న, యాడికో పోతున్న.

వాళ్ల పత్తిచేను వాగొడ్డుకు ఉన్నది. చేనుకు, వాగుకు నడుమ నాలుగు బారల జాగ దున్నకుండ ఇడిసిపెట్టిండ్రు. రెల్లు, తుంగ, వాయిలి పొదలు, నడుము దాక గడ్డి. ఒట్టిగ కూసొని తినుడు నాకు శాతకాదని నీకెరుకే. బాయిల మా పనేంది? దారి సాఫ్ పెట్టుడు. కాలికింద అడ్డమేమన్న ఉంటే మనిషి ప్రాణం పోతది. ముప్పై ఏండ్లు గదే చేసినోనికి అడ్డం కనవడితే చెయ్యి ఆగుతదా? బిడ్డ, అల్లుడు పెండ్లికి పోయిన రెండు దినాలల్ల కొడవలి వట్టి, ఒడ్డంత నున్నగ చేసి, గడ్డి కాలవెట్టిన. శభాష్ అంటరని చేను గట్టు మీద కూసున్న.

సరిత వచ్చి ఒడ్డు దిక్కు చూసింది.

"బాపూ, గడ్డేది?"

"సాఫ్ చేసిన బిడ్డా."

ఆడ్నే గట్టు మీద కూసొని అసలు ముచ్చట చెప్పింది. పెండ్లికి పోయే ముందు దినమే చేనుకు యూరియా చల్లిండ్రట. వాళ్లు తిరిగొచ్చిన సాయంత్రమే వాన దంచికొట్టింది. చేన్ల నీళ్లు, మట్టి, మందు అన్ని కలిసి సక్కగ వాగుల వడ్డయి. వారానికి వాగంత పచ్చగ పాకురు, వాసన.

వాగుకు కింది దిక్కు చిన్న గూడెం ఉన్నది. వాళ్లు వాగు ఇసుకల చెలిమె తోడుకొని, ఊరిన నీళ్లు తాగుతరు. మట్టినైతే ఇసుక ఆపుతదట గని, కరిగిన మందును ఆపదట. దాన్ని గుంజుకునేది గడ్డి వేర్లేనట. పకోడీ పొట్లం కాయితం గూడ చదువుతనని నన్ను నవ్వుతవు గద, గీ ముచ్చట యే పొట్లం మీద రాసిలేదు అక్కా. నా పుణ్యాన గూడెపోళ్లు గుట్ట మీది బోరింగు దాక బిందెలు మోసిండ్రు.

తప్పైందని చెప్పుదామని పోయిన. లచ్చుబాయి అని నా ఈడు ముసలామె నన్ను మీదికెల్లి కింద దాక చూసింది. "దాదా, నీకు పనేం లేకుంటే మా బర్లను కాయి. వాగు జోలికి రాకు" అన్నది. దాదా అంటే ఈళ్ల మాటల అన్న. ఆడున్నోళ్లంత నవ్విండ్రు. నేను గూడ నవ్విన, ఏం జేస్త.

క్వార్టరు ఇచ్చేసినంక నాకింకో ఇల్లు లేదక్కా. అల్లుడు గిప్పుడు ఏమంటడో అని భయపడ్డ. ఆయన తెల్లారి ఒడ్డు పొంట రెండు సాళ్ల పత్తి పీకిండు. కాయ పట్టే చెట్లు. "మామా, గీ జాగల గూడ గడ్డే ఉండనీ. నువ్వే నాటు" అని గడ్డపార నా చేతికిచ్చిండు. గా మాటకు నేను ఎట్ల రుణం తీర్చుకుంటనో ఎరుకలేదు.

మూడో దినం లచ్చుబాయి నెత్తి మీద తుంగ దుబ్బులు మోసుకొని వచ్చింది. నేను నాటిన వాటిల్ల సగం తలకిందులు పెట్టిననని తిట్టి, తానే మళ్ల నాటింది. ఇప్పుడు గడ్డి మోకాలు దాటింది. మొన్నటి వానకు చేనుకెల్లి వచ్చిన ఎర్రనీళ్లు గడ్డిల సొచ్చి నెమ్మదైనయి, బురద ఆడ్నే నిలవడ్డది. కండ్లార చూసిన.

అక్కా, నీ ఇంటెనుక వట్టివేరు ఉన్నది గద. నాలుగు దుబ్బులు వేర్లతోని తీసి, తడి గోనెల చుట్టి ఆదిలాబాద్ బస్సుల పంపు. దాంట్ల జర మామిడికాయ తొక్కు గూడ పెట్టు. చిన్నమ్మకు, బావకు నా దండాలు. నీ దీవెన చెయ్యి నా నెత్తి మీద ఉండనీ. నేను మంచోళ్ల నడుమ వడ్డ, ఫికర్ చెయ్యకు.

నీ తమ్ముడు,
రాజయ్య

ఇంకోటి. పొద్దుగాల వాగు దిక్కు పోయిన. లచ్చుబాయి కొత్త చెలిమె తోడింది. మొదటి నీళ్లు తోడి పారవోసింది. రెండోసారి ఊరినయి బిందెల ముంచుకొని, నెత్తికెత్తుకొని గూడెంకు పోయింది.