నీళ్ళు తీసే చదువు

కోసిగి,
4 ఏప్రిల్ 2003

ప్రియమైన సుచరితకు,

నా నోటి తొందర వల్ల ఒక చిక్కొచ్చింది. నువ్వు కడపలో ఏం చదువుతున్నావని పక్కింటి రామసుబ్బమ్మత్త అడిగితే "నీళ్ళు తీసే పరిశోధన" అన్నాను. అంతే! బోరు ఎక్కడ వేయాలో నువ్వొచ్చి చూపిస్తావని ఊరంతా ఎదురుచూస్తోంది. "ఏమప్పా బసవరాజూ, నీ పెండ్లాం నీళ్ళు తీస్తాదని ఇన్నాళ్ళూ చెప్పకపోతివే!" అని అత్త నన్నే నిలదీసింది. పాడైన బోరింగు ముందు ఖాళీ బిందెల వరుస చూస్తూ కాదనలేకపోయాను. ఏం చెప్పమంటావు?

నీ బసవరాజు

కడప,
9 ఏప్రిల్

ప్రియమైన మాస్టారికి,

ఉన్నది చెప్పండి! ఆమ్లాన్నీ ఆల్కహాలునూ ఉత్ప్రేరకంతో కాగబెడితే మాకు కావలసిన ద్రవంతో పాటు నీళ్ళూ పుడతాయి. అవి అందులోనే ఉంటే చేసిన పని వెనక్కి పోతుంది. అందుకే పలచటి ప్లాస్టిక్ పొర గుండా నీటి ఆవిరిని మాత్రం బయటికి పంపుతాం. నూట ఎనభై డిగ్రీల వేడికి నా పొరలు అప్పడాల్లా ముడుచుకుంటున్నాయి. నాలుగు పోయాయి. ఐదోది నూరు గంటలు నిలవకపోతే వేరే అంశం చూసుకోమన్నారు మా గైడు. మూడేళ్ళ కష్టమండీ!

మీ సుచరిత

కోసిగి,
14 ఏప్రిల్

ప్రియమైన సుచరితకు,

ఉన్నది చెబుదామనే వెళ్ళాను. ఇంటికి తాళం. నిన్ను పిలుచుకొచ్చేదానికి అత్త మరో నలుగురు ఆడవాళ్ళతో రైలెక్కిందట! ఈ ఉత్తరం కంటే ముందే వాళ్ళు నీ ఎదుట ఉంటారు. వాళ్ళ ముందు మాత్రం నన్ను తిట్టకు.

భయంతో,
బసవరాజు

కడప,
18 ఏప్రిల్

ప్రియమైన మాస్టారికి,

తిట్టాను, ఐదుగురూ వినేటట్టు.

వాళ్ళొచ్చేసరికి ఐదో పొరకు ఎనభయ్యో గంట నడుస్తోంది. గాజు సీసాలో పడుతున్న చుక్కలు చూపించి నిజం చెప్పేశాను. అత్త వంగి సీసాలోకి చూసింది. "దినమంతా తీస్తే ఇంతేనా? దీనికన్నా మా పాడు బోరింగే మేలు!" అంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. నేను రెండు రోజులుగా సరిగా నిద్రపోలేదని తెలిసి, "నువ్వు కండ్లు మూసుకో పాపా, మేం చూస్తాంటాం" అని అక్కడే చతికిలబడ్డారు. వేడి చూపే ముల్లు ఎర్ర గీత దాటితే లేపమన్నాను. కునుకు పట్టిన అరగంటకే అత్త నా భుజం కుదిపింది. "లెయ్ లెయ్! ముల్లు ఎర్ర గీత దాటతాండాది!" పరుగెత్తి వేడి తగ్గించాను. పొర దక్కింది. నూరు గంటలూ నిలిచింది!

పొర చూడ్డానికొచ్చిన గైడు "వీళ్ళెవరమ్మా?" అన్నారు. "మా ఊరోళ్ళు సార్" అన్నాను గర్వంగా.

ఊరికి నీళ్ళ ట్యాంకరు కావాలని వాళ్ళ చేత అర్జీ చెప్పించుకుని నేనే రాశాను. ఐదుగురూ వేలిముద్రలు వేశారు. 24న కర్నూలు కలెక్టరాఫీసుకు అందరం వెళ్తున్నాం. మీరూ సెలవు పెట్టి రండి. ఈసారి మాట్లాడేది అత్త. మీరు వెనకాల నిలబడితే చాలు.

మీ సుచరిత