నా వైపు తలుపు

మరిదికి వదిన దీవెనలు.

మీ అన్నయ్య పోయాక గ్యారేజీలో మూలపడి తుప్పుపట్టిన పికప్ బండిని గరుకు కాగితంతో రుద్ది రుద్ది మళ్ళీ మనిషిని చేశావు. కొత్త బండి కొన్నారా అని పక్కింటివాళ్ళు అడుగుతున్నారు. నీ కడుపు చల్లగుండ!

కోపం ఒక్కదానికే. నా వైపు తలుపు జోలికి వెళ్ళొద్దని నెత్తీ నోరూ బాదుకున్నా. నీ చెయ్యి ఊరుకుంటేగా!

ఆ తలుపు లోపలినుంచి తెరుచుకునేది కాదు. బండి ఎక్కడ ఆగినా ఆయన దిగి, చుట్టూ తిరిగొచ్చి తీసేవారు. జోరువానలోనైనా అంతే. బాగు చేయరాదా అంటే, "రేపు చూద్దాంలే" అనేవారు. ఊళ్ళో బండ్లన్నీ బాగుచేసే మెకానిక్‌కి సొంత బండి తలుపు చూసుకునే తీరిక లేదని మా పుట్టింట్లో చెప్పి నవ్వేదాన్ని.

మొన్న నువ్వేమన్నావు? "ఇందులో విరిగిందేం లేదు వదినా. లోపలి పిడినుంచి గడియకుండే కడ్డీని ఎవరో విప్పి, గుడ్డలో చుట్టి సీటు కింద దాచారు. తగిలించేశా" అన్నావు. అనేసి చేతులు కడుక్కుని వెళ్ళిపోయావు. అన్నేళ్ళలో ఒక్కసారైనా నోరు జారలేదు చూడు, ఆ మనిషి!

ఆదివారం వచ్చి ఆ కడ్డీ విప్పి, మళ్ళీ అదే గుడ్డలో చుట్టిపెట్టు. తర్వాత నన్ను ఎక్కించుకుని బజారుదాకా తీసుకెళ్ళు. బండి ఆగగానే పరుగెత్తుకొచ్చి తలుపు తీయకు నాయనా. కాసేపు నన్నలా ఎదురుచూడనీ.

మీ వదిన