ఆరిన్ గోడకెక్కిన గొట్టాలు

పైన్ వెల్స్, నెవాడా
1993 మార్చి, ఆదివారం

ఓడ మీదున్న మా అమ్మాయి జానెల్‌కు నాన్న దీవెనలు.

ఇక్కడ అమ్మా, నేనూ, కుక్కా, కోళ్లూ అందరం కులాసా. ఆ నీళ్ల మీద నువ్వూ అలాగే ఉన్నావని నమ్ముతున్నాను. అందరం అంటే ప్రాణమున్న వాళ్లమని అర్థం. ప్రాణం లేనివాటి సంగతికి వస్తాను, తొందరపెట్టకు.

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది. నువ్వడిగినవాటికి వరసగా చెప్పమని అమ్మ నా ఎదురుగా కూర్చుని బంగాళాదుంపల తొక్కు తీస్తూ కాపలా కాస్తోంది. అమ్మ మోకాలు నయం, పోయిన ఆదివారం ఎవరి చెయ్యీ పట్టుకోకుండా చర్చి మెట్లెక్కింది. కొండల మీద మంచు బాగా పడింది కాబట్టి కాలవకు నీళ్లొస్తాయి, గడ్డికి దిగుల్లేదు. నువ్వు పంపిన నావికాదళం టోపీ రోజూ పెట్టుకుంటున్నాను. దాణా కొట్టులో అందరూ నన్ను అడ్మిరల్ అంటున్నారు. అననీ, వాళ్లకు లేదుగా టోపీ.

ఇక చివర్న, "నా బండి ఎలా ఉంది? ఆరిన్ బాబాయిని దాని దగ్గరికి రానివ్వలేదు కదా?" అని అడిగావు. నువ్వు నావికాదళంలో ఇంజన్లు బాగుచేసే మనిషివి. నేను ఏం దాచినా బానెట్ ఎత్తగానే దొరికిపోతాను. కాబట్టి చెప్పేస్తున్నాను. కూర్చుని చదువు.

చలికాలం మధ్యలో నీ పికప్ గుట్ట ఎక్కడానికి మొరాయించింది. అదే సమయానికి ఆరిన్ వచ్చాడు, బానెట్ ఎత్తాం. కార్బురేటర్ చుట్టూ అల్లుకున్న రబ్బరు గొట్టాలు, పొగను శుభ్రం చేసే గాలి పంపు, పెట్రోలు ఆవిరిని పట్టే బొగ్గు డబ్బా, అన్నీ చూసి వాడు పెద్ద డాక్టరులా పెదవి విరిచాడు.

"ఒరేయ్ వెర్లిన్, దీనికి ఊపిరాడట్లేదురా! ఇవన్నీ వాషింగ్టన్‌లో కూర్చున్నోళ్లు తగిలించిన గొట్టాలు. పీకి పారేశామనుకో, లేడిపిల్లలా దూకుద్ది."

మన ఊరికి ఇదేం కొత్త కాదని నీకు తెలుసు. రెనో నగరంలోలాగా మన కౌంటీలో పొగ పరీక్ష లేదు. పాత పికప్ చేతికొస్తే మగవాడు చేసే మొదటి పని అవి పీకడం, రెండో పని వాటిని జింక కొమ్ముల పక్కన గోడకు తగిలించడం. ఆరిన్ షెడ్డులో కొమ్ముల కంటే గాలి పంపులే ఎక్కువ. ఎవరొచ్చినా చేతిలో బీరు పెట్టి ముందు ఆ గోడ చూపిస్తాడు.

భోజనాలయ్యాక మొదలుపెట్టి పొద్దు వాలేసరికి పీకినవాటితో బకెట్టు నింపాం, పంపును ఆరిన్ తన గోడకు ఎక్కించుకున్నాడు. బానెట్ లోపల ఏ గొట్టం ఎక్కడికో చూపించే బొమ్మ అతికించి ఉంటుంది కదా, "ఇంకా ఇదెందుకు?" అని ఆరిన్ దాన్ని కూడా గీకేశాడు. ఖాళీ అయిన రంధ్రాల్లో గోల్ఫ్ బంతి కింద గుచ్చే చెక్క పుల్లలు దిగ్గొట్టాం. మన ఊళ్లో గోల్ఫ్ ఆడేవాడు ఒక్కడూ లేడు. అయినా దాణా కొట్టులో ఆ పుల్లలు డబ్బాలకు డబ్బాలు ఎందుకు పోతాయో ఇప్పటికి అర్థమైందా?

బండి స్టార్టయింది. ఆ సంగతి ఊరంతటికీ తెలిసింది. గుట్ట దిగేటప్పుడల్లా వెనక గొట్టంలోంచి తుపాకీ పేలినట్టు పేలేది. కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయి. షెడ్డు పక్కన ఆరేసిన దుప్పట్లన్నీ పెట్రోలు కంపు. గుట్ట మాత్రం ఎప్పటిలాగే ఈడ్చుకుంటూ ఎక్కేది. గడ్డిమోపులు నింపుకున్న లారీ ఒకటి మమ్మల్ని దాటిపోతూ జాలిగా హారన్ కొట్టింది.

అమ్మ ఆ దుప్పట్లు చంకన పెట్టుకుని వచ్చింది. బండి పక్కకు తీద్దామని ఎక్కింది. ఎక్కినావిడ తల బయటపెట్టింది.

"ఏమయ్యా, ఈ చేతి బ్రేకు సగం లాగి ఉందేంటి? ఎప్పుడూ ఇట్లాగే నడుపుతున్నావా?"

ఆరిన్ తన బూట్ల వంక చూసుకుంటూ, "వదినా, అది వేరే సమస్య," అన్నాడు.

బ్రేకు పూర్తిగా దించాక బండి నిజంగానే గుట్ట ఎక్కేసింది, పేలుకుంటూ.

ఇంతలో నీ ఉత్తరం వచ్చింది. మే నెలలో రెనో బస్సు డిపోలో చేరుతున్నావనీ, దారిలో ఆగిపోయిన బస్సుల దగ్గరికి వెళ్లాలి కాబట్టి సొంత బండి లేకపోతే ఉద్యోగం లేదనీ రాశావు. పొగ పరీక్ష నెగ్గకపోతే రెనోలో నంబరు ప్లేటు ఇవ్వరు. నేను టోపీ పెట్టుకుని ఆరిన్ దగ్గరికి వెళ్లాను.

"గోడెక్కించింది దించేదే లేదు," అన్నాడు వాడు. "నా పరువేం కావాలిరా? అయినా రెనో దేనికి? అమ్మాయిని ఇక్కడే ట్రాక్టర్ల షాపులో చేరమను."

నా వెనకాలే వచ్చిన అమ్మ గడప దాటింది. "ఆరిన్, ఆ పంపు నువ్వు దించుతావా, ఆ మేకుకి నిన్ను తగిలించమంటావా?"

దించాడు. కానీ అక్కడున్న పంపులన్నీ ఒకే కాన్పులో పుట్టినట్టున్నాయి. గొట్టాలైతే ఉడికిన నూడుల్స్. పాత సామాన్ల కొట్టులో నీ బండిలాంటిదాన్నే వెతికి, దాని బానెట్ కింద తలదూర్చి, ఏది ఎక్కడికో బొమ్మ గీసుకొచ్చి, ఇద్దరం రోజుల తరబడి పోట్లాడుకుంటూ బిగించాం. నీ బండిలో ఇప్పుడున్న బొగ్గు డబ్బా నీదేనా అంటే మాత్రం ప్రమాణం చేయలేను.

అమ్మ కోళ్లకు మేత వేయడానికి వెళ్లింది. ఇప్పుడు అసలు సంగతి చెబుతాను.

ఆరిన్ తనంతట తాను రాలేదమ్మా. నేనే కాఫీకి రమ్మన్నాను. వాడు అడక్కముందే బానెట్ ఎత్తి చూపించాను. చూపిస్తే వాడేమంటాడో నాకు తెలుసు. వివరాలు తర్వాత ఉత్తరంలో రాశావు గానీ, రెనో సంగతి క్రిస్మస్‌కి ఫోన్ చేసినప్పుడే నాతో అన్నావు, నీకు గుర్తుండే ఉంటుంది. ఆ గొట్టాలు లేకపోతే బండి ఈ కౌంటీ దాటదు, బండి దాటకపోతే నువ్వూ దాటవు అనుకున్నాను. చేతి బ్రేకు సంగతి మాత్రం నిజంగానే తెలియదు, అది నా తెలివితక్కువ.

ఇన్నేళ్లు సముద్రం మీదున్నావు. ఇక పొద్దున్నే వంటింట్లో నీ బూట్ల చప్పుడు వినబడాలని ఆశపడ్డాను. ఉల్లిగడ్డల షెడ్డులో ఒక్కో వేసవీ ఒళ్లు వంచి నువ్వు కొనుక్కున్న బండిని అందుకోసం పాడుచేశాను. "పంపినచోటికి కాకుండా మొదటిసారి నాకు నచ్చినచోటికి వెళ్తున్నాను నాన్నా" అని నువ్వు రాసిన మాట చదివాక ఆ రోజు భోజనం సహించలేదు. అమ్మకు ఇదేం తెలియదు. తెలిస్తే ఆ మేకు నాకే.

మొన్న మంగళవారం నేనొక్కణ్ణే బండిని రెనో తీసుకెళ్లాను. పరీక్ష చేసే పిల్లది నీ ఈడే ఉంటుంది. బానెట్ కింద అంతా తడిమి చూసింది, వెనక గొట్టంలో తన గొట్టం దూర్చి మిషను వంక చూస్తూ నిలబడింది. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. తను బయటికొచ్చి, "పాసైంది పెద్దాయనా," అంది. సంతోషించాల్సింది పోయి నాకు ఏడుపొచ్చేసింది, ఆపుకుందామంటే ఆగలేదు. ఆ పిల్ల హడలిపోయింది.

"పెద్దాయనా, ఫెయిల్ అనలేదు, పాసైంది అన్నాను! పాస్!"

"తెలుసమ్మా," అన్నాను. "అందుకే."

ట్యాంకు నింపి ఉంచాను. వచ్చి తీసుకుపో.

ఇట్లు,
నిన్ను ఇంట్లో కట్టిపడేయడం చేతకాని
మీ నాన్న వెర్లిన్