మీ తాత కుడి భుజం

నస్పూర్,
సోమవారం.

నా మనవరాలు శోభకు, మంచం మీద కాలు చాపుకొని కూర్చున్న మీ అవ్వ సారవ్వ దీవించి రాసే సంగతులు.

ఇక్కడ నేను క్షేమం అని రాయాలట, రాస్తున్నాను. మోకాలి ఆపరేషన్ కుట్లు మాత్రం ఇంకా చురుక్కుమంటున్నాయి. మీ రమత్త బాగానే చూసుకుంటోంది. ఫోన్ ఎత్తలేదని కోపం తెచ్చుకోకు. ఫోన్లో నాకు తేనెటీగ తిరిగినట్టు ఉంటుంది తప్ప మాట తెలియదు. అందుకే ఉత్తరం. రాత్రి బడిలో అక్షరాలు నేర్పిన సదయ్య సారు, ఉత్తరం పుస్తకంలో ఉన్నట్టు రాయాలి, నోటికొచ్చినట్టు రాయొద్దు అని చెప్పాడు. అట్లాగే రాస్తున్నాను. భయమేస్తే మాత్రం నా మాటే వచ్చేస్తుంది. సర్దుకొని చదువు.

గోదావరిఖని ఇంట్లో ముందుగది నీకూ, మీ మంథని దోస్తు సంహితకూ ఇచ్చింది నేను లేని ఈ మూడు నెలలకే. ఆ సంగతి మరిచిపోకు. నేను వచ్చాక చూద్దామన్నాను గానీ ఉండమని అనలేదు. ఇస్త్రీ పెట్టె తీగ పీకారా లేదా అని ఇక్కడ నాకు నిద్ర పట్టడం లేదు. మూడు కుట్టు మిషన్లు ఒక్కసారి తొక్కకండి, పైకప్పు అదురుతుంది. కప్పు కింద మనిషి ఎంత జాగ్రత్తగా ఉండాలో ముప్పై నాలుగేళ్లు బొగ్గుబాయిలో పనిచేసిన మీ తాతను అడగండి. మీరు పనికి పెట్టుకున్న టైలర్ భూపాల్‌కు గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకునే అలవాటు ఉంది. తుమ్ము వస్తే ఏం గతి? ఒక గిన్నె ఇవ్వండి.

మీ తాతకు చాయలో చక్కెర తక్కువ. అడుగుతాడు, వెయ్యొద్దు.

ఇట్లు,
కాలు ఒకచోట, మనసు ఒకచోట ఉన్న
సారవ్వ

తా.క.: ముందుగది మూలన ఉన్న ఆకుపచ్చ సందుగ పెట్టె తెరవొద్దు. అందులో ఏమీ లేదు. ఏమీ లేదు కాబట్టే తెరవొద్దంటున్నాను.


గోదావరిఖని,
శుక్రవారం.

మా అవ్వకు, నీ శోభ రెండు చేతులా దండం పెట్టి రాస్తున్నది.

ఇస్త్రీ పెట్టె తీగ పీకాం. భూపాల్ కాకకు గిన్నె ఇచ్చాం. ఆయన సూదులు గిన్నెలో పెట్టి, గిన్నె ఎక్కడ పెట్టాడో మరిచిపోయి, మళ్లీ పెదాల మధ్యనే పెట్టుకుంటున్నాడు.

ఇక సందుగ సంగతి. కోప్పడకు. మొన్నటి వానకు పైకప్పు కారింది, సరిగ్గా దాని మీదే కారింది. బట్టలు తడుస్తాయని తెరిచాం. తొమ్మిది అంగీలు ఉన్నాయి, అన్నీ తాతవి. ఆరేద్దామని సంహిత ఒకటి దులిపి పట్టుకుంది. పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉండిపోయింది. కుడి భుజం లోపల పాత లుంగీ గుడ్డ మడతలు పెట్టి కుట్టిన మెత్త. కుడివైపు అంచు ముక్కాలు అంగుళం పొట్టి. ఎడమ జేబు అర అంగుళం కిందికి. చేతిలో పట్టుకుంటే మొత్తం వంకర. అప్పుడే తాత చాయ తాగి వచ్చాడు. తొడుక్కోమన్నాం. అవ్వా, తాత రెండు భుజాలూ సమానంగా కనిపించాయి. ఆయన కుడి భుజం అంత కిందికి దిగి ఉంటుందని నేను పుట్టినప్పటి నుంచీ ఎన్నడూ గమనించలేదు. నువ్వు గమనించనివ్వలేదు.

హైదరాబాద్‌లో నాలుగేళ్లు బట్టల కత్తిరింపు చదివిన సంహిత, మాకు ఒంటి సగం బొమ్మే గీసి, గుడ్డ మడిచి రెండు సగాలూ ఒకేలా కత్తిరించమని నేర్పారు, రెండు సగాలూ వేరని ఎవరూ చెప్పలేదు అంటూ నేల మీద కూర్చుంది. భూపాల్ కాక అంగీని తిరగేసి, లోపలి కుట్లు వేలితో తడిమి తడిమి చూశాడు. చూసి కళ్లద్దాలు తీశాడు.

"ముప్పై ఐదేండ్ల సంది గిదే పని చేస్తున్న బిడ్డా. గీ అంగీ నాతోని కాదు" అన్నాడు.

రెడీమేడ్ బట్ట ఒంటికి సరిపోని వాళ్లకు, వాళ్ల ఒంటిని చూసి కుట్టాలని మేం ఈ గది తెరిచాం. ఎట్లా కుట్టాలో మాత్రం ఇప్పుడే తెలిసింది. అందుకే ఒక అంగీ గోడకు వేలాడదీశాం, రోజూ చూసి నేర్చుకోవడానికి. అవ్వా, గది సంగతి నువ్వు మరిచిపోవద్దన్నావు. మరిచిపోలేదు. ఈ గది పోతే సంహిత హైదరాబాద్ కొలువుకు వెళ్లిపోతుంది, భూపాల్ కాక చెప్పుల దుకాణం పక్క అరుగు మీదికి పోతాడు, నేను పెద్దపల్లి చీరల షాపులో చీరలు మడత పెట్టాలి. కొంచెం మనసులో పెట్టుకో.

నీ ఆశీర్వాదం, గది రెండూ కోరే
శోభ

తా.క.: తాత చాయలో చక్కెర వెయ్యడం లేదు. ఎదురింటివాళ్లు వేస్తున్నారు.


నస్పూర్,
మంగళవారం.

బిడ్డా శోభా, దీవెనలు తర్వాత, ముందు ఆ అంగీ దించు.

ఎవరికీ చెప్పని మాట ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. చదివి చింపి పొయ్యిలో పెట్టు. గ్యాస్ పొయ్యి అయితే జాగ్రత్త.

మీ తాతది బాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. ఆ దుంగలన్నీ కుడి భుజం మీదే మోశాడు. పదేళ్లకు భుజం దిగడం మొదలైంది. కంపెనీ పెట్టే మెడికల్ పరీక్షలో డాక్టర్ చూస్తే పనికి అన్‌ఫిట్ అని రాస్తాడని భయపడ్డాను. అప్పటికి రమ బడికి పోతోంది, మీ నాన్న పాలు తాగుతున్నాడు. నాకు కుట్టు ఎవరు నేర్పారు? ఎవరూ లేదు. భయం నేర్పింది. కొత్త అంగీ కొనడం, విప్పడం, మీ తాతను గోడకు నిలబెట్టి చూడడం, మళ్లీ కుట్టడం. మెడికల్ వచ్చిన ప్రతిసారీ భుజం ఇంకొంచెం దిగేది, మెత్త ఇంకొంచెం పెరిగేది. తొమ్మిది అంగీలతో డాక్టర్ కన్ను కప్పి మీ తాతను రిటైర్మెంట్ దాకా నెట్టుకొచ్చాను. ఆ తర్వాత కూడా ఆయన తొడుక్కునేవన్నీ అట్లాగే సరిచేస్తున్నాను.

ఇప్పుడు నువ్వు ఆ మోసాన్ని తీసి గోడకు వేలాడదీశావు. కంపెనీవాళ్లు ఎవరన్నా చూస్తే ఏమవుతుంది? దిగిన భుజంతో ఇన్నేళ్లు జీతం తిన్నావా అని మీ తాత పింఛను ఆపరా? పట్టుకుపోరా? ఈ వయసులో ఆయన చక్కెర లేని చాయ ఎక్కడ తాగుతాడు?

దించు. దించకపోతే గది ఖాళీ చెయ్యి. ఉత్తమాట కాదు.

ఇట్లు,
తలుపు వైపే చూస్తూ కూర్చున్న
మీ అవ్వ

తా.క.: పుస్తకం భాష ఇడిసిపెట్టిన. జల్ది దించు బిడ్డా. నీ కాళ్లు మొక్కుత అనరాదు, పెద్దదాన్ని. అన్న అనుకో.


గోదావరిఖని,
శనివారం.

అవ్వకు దండాలు. భయపడకుండా చదువుతానని ఒట్టు వేసుకొని చదువు.

నీ ఉత్తరం గురువారం గానీ రాలేదు. అప్పటికే సంహిత ఆ అంగీ ఫోటో తీసి ఫోన్లో అందరికీ కనబడేలా పెట్టింది, ఇక దించినా లాభం లేదు. తెల్లారేసరికి మన గడప ముందు బెంచీ చాల్లేదు. అందరూ రిటైరైన బాయి కార్మికులే. ఒకరిది ఎడమ భుజం, ఒకరిది నడుము, ఒకరికి మెడ ఒకవైపే తిరుగుతుంది. ఎవరి భుజం ఎక్కువ దిగిందో పోటీలు పెట్టుకుంటున్నారు. నిన్న గెలిచిన ముత్యం మామకు మిగిలినవాళ్లు చాయ తాగించారు. ఆడవాళ్లూ వస్తున్నారు. వెన్ను కాస్త ఒంగిన పెళ్లికూతురు శ్రీహిత, పెళ్లి పట్టు జాకెట్టు మా దగ్గరే కుట్టించుకుంటానని కూర్చుంది. నాలుగుచోట్ల కుట్టించిందట, నాలుగూ వీపు మీద ముడుచుకున్నాయట. నీ అంగీ చూసి సంహిత కత్తిరించిన జాకెట్టు తొడుక్కొని, అద్దం వైపు వీపు పెట్టి చాలాసేపు నిలబడింది. ఆ పిల్ల వీపు చూసుకోవడం అదే మొదటిసారట.

అవ్వా, ఈ పనంతా నీ భయంలోంచి వచ్చింది. దాన్ని మోసం అని రాయకు, నాకు బాధగా ఉంది.

అసలు సంగతి ఇప్పుడు చెప్పాలి. గురువారం ఒక పెద్దాయన కారు దిగాడు. అంగీ దగ్గరికి పోయి, చేత్తో ముట్టకుండా, భుజం లోపలి మెత్త చూశాడు. ఇది కుట్టిన మనిషిని నేను చూడాలి అన్నాడు. పేరు రఘురామ్. కంపెనీ దవాఖానలో పనిచేసి రిటైరైన డాక్టరట. నీ ఉత్తరం నాకు అందింది ఆయన వెళ్లిన గంటకు. రేపు కాదు, ఆ పై ఆదివారం మళ్లీ వస్తానన్నాడు. ఏం చెప్పమంటావు?

నీ
శోభ

తా.క.: ఆ డాక్టర్, తాత ఒకరినొకరు చూసుకొని నవ్వారు. ఎందుకని అడిగితే తాత ఎదురింటికి చాయకు పోయాడు.


నస్పూర్,
బుధవారం. (ఈ ఉత్తరం బస్సులో వచ్చే మనిషి చేతికి ఇచ్చి పంపుతున్నాను, పోస్టును నమ్మను.)

శోభకు.

ఆ డాక్టరే. ఆ పేరే. మీ తాతకు మెడికల్ చేసింది ఆయనే. రిటైరైనా కంపెనీ డాక్టర్ కంపెనీ డాక్టరే.

ఒక్కటే దారి ఉంది. కుట్టిన మనిషి చనిపోయిందని చెప్పు. చనిపోయిన మనిషి మీద కేసు ఉండదు. మొగుడికి ఏమీ తెలియదు, అన్నీ ఆమే చేసింది, ఆమే పోయింది అని చెప్పు. మీ తాత నవ్వకుండా చూడు. ఇది చేస్తే గది సంగతి నేను వచ్చాక మాట్లాడుకుందాం. చెయ్యకపోతే మాట్లాడుకునేది లేదు.

ఇట్లు,
ఇకమీదట లేని
సారవ్వ

తా.క.: జ్వరంతో పోయిందని చెప్పు. మోకాలితో పోయిందని చెబితే రమ సరిగ్గా చూడలేదని నలుగురూ అనుకుంటారు.


గోదావరిఖని,
సోమవారం.

అవ్వకు, (ఏమని రాయాలో తెలియక) దండాలు.

చెప్పాను. అంత పెద్దాయనతో అబద్ధం చెప్పడం నాకు ఇష్టం లేదు. కానీ ఎదురుగా నీ గది. ఆ గదిలో శ్రీహిత జాకెట్టు సగం కుట్టి ఉంది.

నేను డాక్టర్‌కు మాత్రమే చెప్పాలనుకున్నాను. బెంచీ మీద పదకొండు మంది ఉన్నారు, అందరూ విన్నారు. ఎవరో పోయి బంతిపూల దండ తెచ్చి ఆ అంగీకే వేశారు. ముత్యం మామ, సారవ్వ చేతి సద్ది తినని మనిషి ఆ గనిలో లేడన్నాడు. ఒకాయన మా ఆమె నా అంగీకి గుండీ కూడా కుట్టదని ఏడ్చాడు. ఏడ్చింది నీ కోసమో, గుండీ కోసమో తెలియలేదు. అవ్వా, నువ్వుంటే వినేదానివి. ఒక్కరు కూడా చెడ్డమాట అనలేదు. నీ మీద చాడీలు చెప్పే ఎదురింటామె కూడా.

డాక్టర్ లేచి, వంకరగా ఉన్న దండను సరిచేశాడు. తర్వాత, ఆమె బిడ్డ నస్పూర్‌లో ఉందట కదా, ఒకసారి పోయి పలకరించి వస్తా అన్నాడు. అడ్డం చెప్పేలోగా ముత్యం మామ ఇంటి గుర్తులు చెప్పేశాడు. ఈ ఉత్తరం ఆయన కంటే ముందు చేరాలని మొక్కుతున్నాను.

నీ
శోభ

తా.క.: తాత ముఖానికి తువ్వాల అడ్డం పెట్టుకొని కూర్చున్నాడు. నవ్వు ఆపుకోలేక భుజాలు కదిలిపోతుంటే, పాపం ఎంత ఏడుస్తున్నాడో అని అందరూ వీపు నిమిరారు.


నస్పూర్,
గురువారం.

శోభకు, చచ్చి బతికిన మీ అవ్వ దీవించి రాసేది.

నీ ఉత్తరం మధ్యాహ్నం వచ్చింది. డాక్టర్ పొద్దున్నే వచ్చాడు.

రమ తలుపు తీసింది. ఆయన పండ్ల సంచీ పట్టుకొని, అమ్మ పోయిందని తెలిసింది అన్నాడు. రమ నా వైపు చూసింది. నేను కొంగు తల మీదికి లాక్కొని, నేను ఆమె చెల్లెల్ని, రామకృష్ణాపూర్ నుంచి వచ్చాను అన్నాను. రమ వంటగదిలోకి పోయింది. అక్కడ గిన్నె పడిన చప్పుడు వినబడింది. నాకే వినబడిందంటే చూసుకో.

ఆయన కుర్చీ దగ్గరగా లాక్కొని, నా చెవి సంగతి ఎట్లా కనిపెట్టాడో, గట్టిగా, నిదానంగా మాట్లాడాడు. నా కొలువులో ఎన్నో ఒళ్లు చూశాను గానీ అట్లాంటి చేతిపని చూడలేదన్నాడు. మీ తాత రాయమల్లు భుజం ఎంత దిగిందో టేపు పెట్టకముందే తెలిసేదట, ఆ అంగీ లోపలి మెత్త మందం చూసి. నాకు అర్థం కాలేదు. మెత్త లోపల కదా ఉండేది, మీకు ఎట్లా కనబడింది అని అడిగాను.

"మెడికల్ల అంగీ ఇప్పిచ్చే చూస్తమమ్మా. ప్రతిసారి రాయమల్లు గా మేకుకు తగిలేసేటోడు. జర పైలం సారు, మా ఇంటామె కుట్టింది అనుకుంట, ఎవ్వల్ని ముట్టనియ్యకపోయేది."

బిడ్డా, నేను పడుకునే ఉన్నాను కాబట్టి సరిపోయింది.

"ఇప్పిచ్చిండ్రా? అన్ని సార్లు ఇప్పిచ్చిండ్రా? మరి నేనెందుకు కుట్టిన?" అన్నాను. అన్న తర్వాత చెల్లెలి సంగతి గుర్తొచ్చింది. అప్పటికి అయిపోయింది.

ఆయన నవ్వలేదు. లేచి, పండ్ల సంచీ నా మంచం మీద పెట్టి, దండం పెట్టాడు. భుజం దిగింది గానీ బలం దిగలేదట. ఉన్నది ఉన్నట్టే రాశాడట, ఫిట్ అని. పింఛను ఎవరూ ముట్టరట. మెడికల్లో అంగీ విప్పిస్తారన్న ఊసు నాకు ఎందుకు చెప్పలేదని మీ తాతను ఒకసారి అడిగాడట. మీ తాత అన్న మాట ఆయన ఇప్పటిదాకా మరిచిపోలేదు.

"చెప్తె ఇగ ఆమె చేతులు ఖాళీ అయితయి సారు. ఉత్త చేతులతోని ఫికర్ జేసుకుంట కూసుంటదని తెలిస్తే, బాయిల నాకు పని సాగది."

నేను చాలాసేపు గోడ వైపు తిరిగి పడుకున్నాను. కోపంతోనే అనుకో.

గది మీదే. మూడు నెలలు అన్న మాట తీసేస్తున్నాను. పైకప్పు మాత్రం బాగు చేయించు. డాక్టర్ మెడ ముందుకు ఒంగింది, ముప్పై ఏళ్లు కార్మికుల ఛాతీ మీదికి ఒంగి ఒంగి. పాపం కాలరు వెనకాల లేచి నిలబడుతోంది, ఆయన ఇంట్లో ఎవరూ చూడలేదు. మంచం దగ్గర కూర్చోబెట్టి కొలిచాను. దారానికి ముడులు వేసి ఈ ఉత్తరంలో పెట్టాను. మొదటి ముడి మెడ, రెండోది వీపు. టేపును నమ్మకుండా దీన్ని నమ్మమని భూపాల్‌కు చెప్పు. శ్రీహిత పెళ్లి జాకెట్టుకు చంక కింద అర అంగుళం వదలండి. పెళ్లి రోజు పిల్ల ఊపిరి గట్టిగా తీసుకుంటుంది.

మీ తాతకు ఒక కొత్త అంగీ కుట్టించు. రెండు భుజాలూ సమానంగా, మెత్త లేకుండా, దుకాణంలో దొరికినట్టు. నేను వచ్చేదాకా అదే తొడుక్కొని ఊరంతా వంకరగా తిరగమను. వచ్చాక నేను విప్పి సరిచేస్తాను. అప్పటిదాకా నా చేతులకూ పని ఉందని తెలిసుండాలి ఆయనకు.

ఇట్లు,
నీ అవ్వ
సారవ్వ

తా.క.: మీ దుకాణం బోర్డు మీద ఇంకా పేరు లేదు కదా. నా పేరు పెట్టుకుంటే పెట్టుకోండి. కింద చిన్న అక్షరాలతో 'బతికే ఉంది' అని రాయించు. లేకపోతే ముత్యం ఏటేటా దండ తెస్తాడు.