తలకు మూడు రూపాయలు

గుంటూరు, మే 1946

రాళ్లపల్లె గ్రామపెద్ద పెద్దన్న గారికి, కరువు విచారణ కచేరీ గుమాస్తా త్రికోటేశ్వరరావు వ్రాయునది.

యుద్ధం ముగిసినా ధరలు దిగలేదు, వానల్లేవు, మీవైపు సున్నపు బట్టీలు ఆరిపోయాయి. అందుచేత పని అడగకుండా తలకు నెలకు మూడు రూపాయలు ఇస్తే ఎట్లా ఉంటుందని సర్కారు ఆలోచిస్తున్నది. మీ ఊళ్ళో తలలెన్నో తెలుపగలరు.

ఇట్లు, విధేయుడు.

తా.క.: పసి తలలను వదలవద్దు.

* * *

మహారాజశ్రీ గుమాస్తా గారికి పెద్దన్న నమస్కారాలు.

తమరి జాబు చావడిలో చదివాను. పని అడగకుండా డబ్బిచ్చే సర్కారును మా తాతలు కూడా చూడలేదు. చివరికి మా ఊరి కోటిలింగం, "కృష్ణ మీద వంతెన కడతన్నారంట. స్తంభం నిలవాలంటే కింద తల పాతాల గదా" అన్నాడు. పొద్దు గూకకముందే తల్లులు పిల్లల్ని లోపలేసి గడియ పెట్టుకున్నారు. తలలు మొత్తం తీసుకుంటారా, ఇంటికొకటా?

తమ దయకోరు, పెద్దన్న.

తా.క.: తల ఇచ్చినవాడి డబ్బు నెలనెలా ఎవరి చేతికిస్తారు?

* * *

పెద్దన్న గారికి,

ఇంటికొకటనే నిబంధన లేదు, మొత్తం తీసుకుంటాము. డబ్బు ఇంటిపెద్ద చేతికే. ముందు మచ్చుకు కొన్ని తలలతో మొదలుపెడతాము.

ఇట్లు, త్రికోటేశ్వరరావు.

తా.క.: ముసలివారితో మొదలు. వారెట్లాగూ పని చేయరు గనుక నష్టం తక్కువ.

* * *

గుమాస్తా గారికి నమస్కారాలు.

జాబు విన్నాక ఊళ్ళో ఎవరూ పొయ్యి వెలిగించలేదు. వెలిగించినా వండడానికి గింజల్లేవనుకోండి. మా అమ్మ చెన్నమ్మ నన్ను పిలిచి, "ఒరేయ్ పెద్దన్నా, చానా ఏళ్ళు మోశాను ఈ తలని. పిల్లలు గంజి తాగుతారంటే ఇంకేంది? నా పేరు రాయి" అంది. అమ్మను చూసి గంగమ్మ, నాగులమ్మ, ఇంకా కొందరు ముసలివాళ్ళు వచ్చారు.

నిన్న పొద్దున తమరి లారీ వచ్చింది. సున్నపు దుమ్ముతో తెల్లగా ఉంది. డ్రైవరు కిందికి దిగలేదు. "అందరూ ముసలోళ్ళేగా" అని మాత్రం అడిగాడు. అమ్మ తలకు ఆముదం రాసుకుని, నున్నగా దువ్వుకుని ఎక్కింది. కుక్కలు ఒక్కటీ మొరగలేదు.

పెద్దన్న.

తా.క.: అమ్మకు కుదుపు పడదు. మెల్లగా తోలమని చెప్పండి.

* * *

పెద్దన్న గారికి,

తలకు అంటే మనిషికి అని మా భావం. మీరు మరోలా తీసుకున్నట్లున్నారు. ఏమైనా ఆ ఆలోచనను సర్కారు అన్నివిధాలా తూచి విరమించుకున్నది. ఊరికే డబ్బిస్తే జనం ఇల్లు కదలరని పైవారి అభిప్రాయం. కాబట్టి మీ ఊరికి ఎవరినీ పంపలేదు, పంపబోము.

ఇట్లు, విధేయుడు, త్రికోటేశ్వరరావు.

తా.క.: ఈ కచేరీకి లారీ లేదు.